టైలరమ్మ పోసుకున్న బల్ల

ఇంట్లోకి అడుగు పెట్టగానే టైలరమ్మకి మొదట కనపడింది నేల. ముందుగదిలో కిటికీ కింద అంత నేల ఉందని ఆమెకు ఇన్నేళ్ళూ తెలియదు. నాలుగు మూలలా బల్లకాళ్ళ ముద్రలు, వాటి మధ్య దారప్పోగులు, విరిగిన సుద్దముక్కలు. బల్ల మాత్రం లేదు.

అక్క ఆపరేషనుకి తోడు వెళ్ళి, ఆసుపత్రిలో కుర్చీలో పడుకుని, అప్పుడే వచ్చింది. చేతిలో సంచి ఇంకా దింపలేదు. దొంగలు పడ్డారేమో అనుకుంది. కానీ దొంగలైతే కుట్టుమిషను వదిలేసి బల్ల ఎత్తుకుపోతారా? పైగా ఈ దొంగలెవరో మహా పద్ధతైనవాళ్ళు. మంచం మీద తువ్వాలు పరిచి, కత్తెర, టేపు, సుద్దలు, గుండుసూదుల డబ్బా వరసగా పేర్చి మరీ వెళ్ళారు.

"వచ్చావా? అక్కకెలా ఉంది?" అంటూ భర్త వంటగదిలోంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. ఏదైనా మంచిపని చేసొచ్చిన రోజున ఆయన మొహం అలాగే ఉంటుంది. ఆ వెలుగంటే ఆమెకు భయం.

"బల్లేదండీ?"

"చెల్లాయికిచ్చాను. పాపం, నేలమీద కూచుని పుస్తకాలు బైండు చేస్తోంది. నడుం పట్టేస్తోందిట. వ్యాను ఎలాగూ అటే వెళ్తోంది కదాని వేసుకెళ్ళి దింపేశాను."

"మరి నేను బట్టలెక్కడ కత్తిరించాలి?"

"మంచం ఉందిగా. కావాలంటే పరుపు తీసేద్దాం."

ఆమె సంచి కింద పెట్టింది. "నన్నొక్క మాట అడగొద్దా?"

"అడిగితే మాత్రం కాదంటావా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీ మనసు నాకు తెలీదూ?"

ఆ మాటకి ఆమెకు ఒళ్ళు మండిపోయింది. తిట్టినా అంత మండేది కాదు. ఆయన చెడ్డవాడైతే నాలుగూ దులిపేసి ఊరుకునేది. సరుకుల వ్యాను నడుపుతాడు, తాగడు, చెయ్యెత్తడు, ఎవరి కష్టం విన్నా కరిగిపోతాడు. కాకపోతే ఆ కరగడమంతా ఆమె సామాను మీద జరుగుతుంది. టేబులు ఫ్యాను అలాగే వెళ్ళింది. ఎత్తు కుర్చీ అలాగే వెళ్ళింది. వెళ్ళినప్పుడల్లా ఆమెకి మంచి మనిషని పేరొచ్చింది.

ఆ మధ్యాహ్నమే మంచం మీద ఒక చొక్కా కత్తిరించింది. పరుపు తీసేసినా మంచం మంచమే. గుడ్డ మంచప్పట్టీల సందుల్లోకి కుంగింది, సుద్దగీత వంకరపోయింది, గీతను నమ్ముకుని కత్తెర కూడా వంకరపోయింది. భుజం దగ్గర వేలెడు తేడా వచ్చింది. ఆమె పుర్రచెయ్యి మనిషి. ఎడంచేత్తోనే కోస్తుంది, ఎడంచేత్తోనే సూది గుచ్చుతుంది. చిన్నప్పట్నుంచీ ఆ చేతిని ఎన్ని మాటలన్నా, గుడ్డ చెడగొట్టిందని మాత్రం ఎవరూ అనలేదు. చెడిన ముక్కని చాలాసేపు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

మర్నాడు అదే రంగు గుడ్డ వెతుక్కుంటూ బజారుకి బయల్దేరింది. బస్టాపు దగ్గర మేస్త్రి కొత్తగా పోసిన సిమెంటు బెంచీకి పక్కచెక్కలు ఊడదీస్తున్నాడు. టైలరమ్మ ఆగింది. కాసేపు చూసింది. తరవాత సంచి భుజానికి తగిలించుకుని, వంగి, బెంచీ అంచు కింద రెండు చేతులూ పెట్టి గట్టిగా ఎత్తబోయింది. బెంచీ చలించలేదు.

"ఏంటమ్మా, ఇంటికి పట్టుకుపోదామనా?" అన్నాడు మేస్త్రి.

"ఎవరైనా పట్టుకుపోగలరా దీన్ని?"

"నలుగురు కావాలి. నలుగురొచ్చినా నడుములు పోతాయి."

"ఇలాంటిది ఇంట్లో పోసుకోవచ్చా? బల్లలాగా?"

మేస్త్రి ఆమెను ఎగాదిగా చూశాడు. హాస్యం కాదని అర్థమైంది. చెక్కముక్క పక్కన పెట్టి బస్టాపు మెట్టు మీద కూచున్నాడు. నున్నటి పలక మీద అచ్చు కట్టుకోమన్నాడు. సన్నకంకర వాడమన్నాడు, మధ్యలో ఇనపజాలీ వెయ్యమన్నాడు. నీళ్ళు ఎక్కువ పొయ్యొద్దన్నాడు. "పల్చగా ఉంటే పొయ్యడానికి సుఖంగానే ఉంటుందమ్మా. ఎండాక పగుళ్ళు చూసి ఏడుస్తారు."

"ఒక పక్కన చెక్క కూడా కావాలి. సిమెంటులో గుండుసూది దిగదు కదా."

"చెక్క పొదగొచ్చు. పోసేముందే అచ్చులో బోర్లా పెట్టాలి. వార్నీషు పట్టించండి, లేకపోతే చెక్క నీళ్ళు తాగి ఉబ్బి సిమెంటుని చీలుస్తుంది. వెనక మేకులు సగం దాకా కొట్టి వదిలేస్తే సిమెంటు వాటిని పట్టుకుంటుంది. ఇంకోమాట. బల్ల కూడా బోర్లాయే పోస్తాం. అడుగునున్నది రేపు పైకొస్తుంది. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. ఎంతటివాళ్ళైనా తికమకపడేది అక్కడే."

టైలరమ్మ నవ్వింది. "నేను పొద్దస్తమానం కుట్టేది తిరగేసేగా బాబూ" అంది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పేసింది. "బల్ల పోస్తున్నాను."

"బల్ల పొయ్యడమేమిటే? అదేమైనా నీళ్ళా?" అంది అత్తగారు.

"సిమెంటుతోనండీ అత్తయ్యా. కాళ్ళకి సిమెంటిటుకల దిమ్మెలు రెండు. కిటికీ కిందే."

భర్త ముద్ద ఆపాడు. "ఇంత అవస్థ దేనికి? కొత్తది కొంటాగా!"

"కొన్నది మళ్ళీ వ్యానెక్కుతుంది."

అత్తగారికి పొలమారింది. ఆయన మంచినీళ్ళందించాడు. ఆవిడ దగ్గుతూనే నవ్వింది, నవ్వుతూనే కోడలి వంక చూసింది. భర్త మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. ఇదంతా రెండ్రోజుల ముచ్చట, సిమెంటు బస్తా చూస్తే తనే మానుకుంటుందని అనుకున్నట్టున్నాడు.

సిమెంటు బస్తా వచ్చింది. ఇసుక వచ్చింది. వాటితోపాటు వీధి చివర ఎవరో పారేసిన అలమరా తలుపులు కూడా వచ్చాయి. నున్నటి సన్‌మైకా అంటించిన తలుపులు. ఒకటి వసారా నేల మీద పరిచింది. రెండోదాన్ని పట్టీలుగా కోసి నాలుగువైపులా గోడల్లా నిలబెట్టి మేకులు కొట్టింది. ఎడంచేత్తో సుత్తి పడుతుంటే పక్కింటావిడ ప్రహరీ మీంచి తొంగిచూసి, "అయ్యో, చేతిమీద పడేను" అంది. "పడలేదుగా" అని టైలరమ్మ తరవాతి మేకు కొట్టింది. మూలల్లో సందులుంటే కొవ్వొత్తి కరిగించి పోసింది.

ఇక చెక్క. స్నానాలగది వెనక అత్తగారి పాత మంచం విప్పి పెట్టి ఉంది. దాని పక్కపట్టెలు రెండూ జానెడు వెడల్పు, నల్లగా, ఇనుములా ఉన్నాయి. వాటిని చూసి చూసి అత్తగారి దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, మీ మంచంపట్టె ఒకటి బల్లలో వేసుకుంటాను. ఇస్తారా?"

అత్తగారు పేపరు దించింది. "అడిగావు కాబట్టి చెప్తున్నాను. ఇవ్వను."

"సరేనండీ" అని టైలరమ్మ వెళ్ళిపోయింది. వెళ్ళి పాత తలుపు చట్రం తిరగేసింది. చెదలు పట్టి ఉంది. దాన్ని అవతల పారేసి, వడ్రంగి దుకాణంలో ముక్కలేమైనా దొరుకుతాయేమో రేపు చూడాలనుకుంది.

పొద్దున్న లేచేసరికి పట్టె ఒకటి వసారాలో గోడకి ఆనించి ఉంది. తడిగుడ్డతో తుడిచినట్టుంది, ఇంకా చెమ్మగా ఉంది.

"తీసుకో" అంది అత్తగారు, పళ్ళు తోముకుంటూనే. "నిన్న ఇవ్వనని ఎందుకన్నానో నాకే తెలీదు. కాదనే అవకాశం వస్తే వాడుకుందామనిపించింది."

టైలరమ్మ పట్టెను కొలిచి కోసింది. నల్లదనం పోయేదాకా గరుకుకాయితంతో రుద్దింది. లోపల్నించి ఎర్రటి రంగు బయటపడింది. వార్నీషు ఒకసారి, ఆరాక మరోసారి పూసింది. వెనక వరసగా మేకులు కొట్టి తలలు బయటికి వదిలింది. దాన్ని అచ్చులో ఒక చివర, జిగురుపట్టీతో అడుగు తలుపుకి బోర్లా అంటించింది. తరవాత పాత బకెట్టు అంచు మూడువేళ్ళ ఎత్తున కోసి, సగం చేసి, ఆ అర్ధచంద్రాన్ని పొడుగువైపు గోడకి మధ్యలో రెండు మేకులతో బిగించింది. లోపల గుడ్డ పీలికలు కూరింది. సిమెంటు అక్కడ నిండదు, బల్లకి ఒంపు వస్తుంది. ఆ ఒంపులో నిలబడి ముందుకి వంగితే గుడ్డ అవతలి కొస దాకా చెయ్యందుతుంది. చెక్క ఎడంచేతి కింద ఉంటుంది. అంటే ఇప్పుడు అచ్చులో, ఒంపు దగ్గర నిలబడితే, చెక్క కుడివైపు ఉండాలి. ఉంది. చేతులు తిప్పి తిప్పి మరోసారి చూసుకుంది.

పోసేరోజున భర్త సెలవు పెట్టాడు. అడక్కుండానే పెట్టాడు. నాలుగురోజులుగా భార్య ఒంటరిగా మేకులు కొట్టుకుంటుంటే ఆయనకి ఎలాగో ఉంది. బల్ల ఇచ్చేసిన సంగతి మాట్లాడడం చేతకాక, ఇసుక జల్లించాడు, నీళ్ళు మోశాడు. ఇద్దరూ కలిసి సిమెంటు మాలు కలిపారు. ఆమె పారతో తిప్పుతోంది, ఆయన నీళ్ళు చిలకరిస్తున్నాడు. పిడికిట పడితే ముద్దయ్యేలా, వదిలితే జారిపోకుండా వచ్చింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర స్కూలు యూనిఫారం కొలతలివ్వడానికి ఒకావిడ పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. టైలరమ్మ చేతులు కడుక్కుంటూ, "ఒక్క నిమిషం ఆగండి. మాలు నేనొచ్చాక పోద్దాం" అని భర్తకి చెప్పి వెళ్ళింది.

ఒక్క నిమిషం కాలేదు. పిల్ల కుదురుగా నిలబడలేదు. తల్లికి చేతులు పొడుగుండాలి, పిల్లకి పొట్టిగా ఉండాలి. తిరిగొచ్చేసరికి అచ్చులో అడుగంతా మాలు పరుచుకుని ఉంది. భర్త మోకాళ్ళ మీద కూచుని తాపీతో సర్దుతున్నాడు. మొహం వెలుగుతోంది.

"ఆగమన్నాను కదండీ!"

"మాలు గట్టిపడిపోదూ? చెక్క మూలల్లోకి బాగా కూరాను, చూడు."

చూస్తే చెక్క కనపడడం లేదు, సిమెంటు కింద ఉంది. కూరడం మాత్రం బాగానే కూరాడు. ఏదో తేడాగా అనిపించింది గానీ ఏమిటో తెలియలేదు, తెలుసుకునే తీరికా లేదు. జాలీ వేసి, మిగతా మాలు పోసి, పక్కచెక్కల్ని చుట్టూ చెక్కసుత్తితో కొట్టడం మొదలుపెట్టారు. కొట్టినకొద్దీ బుడగలు పైకొచ్చి పగిలాయి. బుడగలు రావడం ఆగేదాకా కొట్టారు. పైన తాపీతో చదును చేసి, తడిపిన పీలికలు కప్పేసరికి ఇద్దరికీ భుజాలు పడిపోయాయి. చాలాకాలానికి ఇద్దరూ ఒకే గోడకి ఆనుకుని కూచుని కాఫీ తాగారు. ఆమెకు ఆయన మీద కోపం సగం తగ్గింది.

తరవాత చెయ్యాల్సిందల్లా తడపడమే. పొద్దున లేవగానే ఆమె తడిపేది, మధ్యాహ్నం అత్తగారు తడిపేది, సాయంత్రం వ్యాను దిగి భర్త తడిపేవాడు. ఆరకముందే మళ్ళీ తడిపేవాళ్ళు. బల్ల లేని ఆ వారమంతా టైలరమ్మ ఒక్క గుడ్డ కూడా కత్తిరించలేదు. వచ్చినవాళ్ళందరికీ "వచ్చేవారం" అని చెప్పింది. కొందరు గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. తీసుకుపోతుంటే చూసి కూడా, మంచం మీద మాత్రం మళ్ళీ కత్తెర పెట్టలేదు.

అచ్చు విప్పేరోజున మేస్త్రి ఒక మనిషిని తోడు తెచ్చుకున్నాడు. ఆడపడుచు కూడా వచ్చింది. మీ వదిన చేసిన పని చూద్దువుగాని రమ్మని అన్నగారే పిలిచాడు. ఆమె వస్తూనే "వదినా" అంది, ఇంకేమో అనబోయి ఆగింది. టైలరమ్మ "రా" అంది.

పక్కచెక్కలు ఊడాయి. నలుగురూ నాలుగు మూలలూ పట్టారు. "ఊఁ" అన్నాడు మేస్త్రి. పలక నిలువుగా లేచింది, క్షణంసేపు అంచుమీద నిలబడింది, మెల్లిగా అవతలివైపు పరిచిన గోనెల మీద వాలింది. అడుగునున్న సన్‌మైకా తలుపు చప్పుడు చేస్తూ ఊడొచ్చింది.

బూడిదరంగు, వానకి ముందు ఆకాశం రంగు. నున్నగా ఉంది, అక్కడక్కడా ఆవగింజలంత బుడగలు. ఒక చివర ఎర్రటి చెక్క, సిమెంటుతో ఎక్కడా వెంట్రుకంత సందు లేకుండా ఒదిగిపోయి ఉంది. అత్తగారు వంగి తన పట్టెను నిమిరింది. టైలరమ్మ ఒక అంచు వెంబడి వేలు పోనిచ్చింది. ఇది తను చేసింది.

ఒంపు దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద వంగింది. అలవాటుగా ఎడంచెయ్యి చాపింది. చెయ్యి చల్లటి సిమెంటుకి తగిలింది. చెక్క కుడివైపున ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ చాపింది. అటుతిరిగి ఇటుతిరిగి చూసింది. "నేను కుడివైపే పెట్టాను" అంది, ఎవరితోనో. "అచ్చులో కుడివైపే పెట్టాను. ఇప్పుడు ఎడమకి రావాలి."

"అదేమిటి!" అన్నాడు భర్త. "నేను సరిచేశానే!"

అందరూ ఆయన వంక చూశారు.

"నువ్వు గేటు దగ్గరున్నావు కదా. చూస్తే ఒంపు దగ్గర నిలబడితే చెక్క కుడివైపొస్తోంది. నీది ఎడంచేతి వాటం కదా, పొరపాటున పెట్టావనుకున్నాను. చెక్క అంటించేసి ఉంది. అందుకని ఒంపునే పీకి అవతలి గోడకి కొట్టాను." ఆయన గొంతు సన్నబడుతూ వచ్చింది. "నీకోసమే..."

"మేకులు పీకుతుంటే చూశాన్రా నేను" అంది అత్తగారు. "అది చెప్తేనే చేస్తున్నావనుకున్నాను."

"గేటు దగ్గరే ఉన్నానండీ" అంది టైలరమ్మ. "కేకేస్తే వినపడేంత దూరంలో ఉన్నాను."

మేస్త్రి మెడ గోక్కున్నాడు. "కుడిచెయ్యి అలవాటు చేసుకుంటే..." అని, ఆమె మొహం చూసి మిగతా మాట మింగేశాడు. టైలరమ్మ వసారా మెట్టు మీద కూచుంది. ఏడుపు రాలేదు. చేతులు మాత్రం ఒళ్ళో బోర్లా పడున్నాయి, చెప్పలేనంత అలసటగా ఉంది.

ఆడపడుచు బల్ల దగ్గర గొంతుక్కూచుంది. చెక్క మీద కుడిచెయ్యి పెట్టి చూసింది. సంచిలోంచి పుస్తకాలకి చిల్లులు పొడిచే ఆరె తీసి చెక్క మీద ఒత్తింది. ఆరె మెత్తగా దిగింది. మళ్ళీ ఒకచోట దించింది. ఆ చెయ్యి అక్కడికోసమే పుట్టినట్టుంది. తను చేస్తున్నదేమిటో అప్పుడు గుర్తొచ్చి, ఆరె గబుక్కున సంచిలో పెట్టేసుకుంది.

"ఆ బల్ల బాగుందా?" అంది టైలరమ్మ. మాట కాస్త పుల్లగానే వచ్చింది.

"ఏ బల్ల? నీదా?" ఆడపడుచు అన్నగారి వైపు తిరిగింది. "నేనడిగానా అన్నయ్యా నిన్ను? నడుం నొప్పన్నాను, అంతేగా. వద్దు వద్దంటుంటే దింపేసి వెళ్ళావు. మా ఆయన దానిమీద టీవీ పెట్టాడు వదినా. నేనింకా నేలమీదే ఉన్నాను."

వ్యాను డ్రైవరు మొహంలో ఏ వెలుగూ లేదు. ఒక బల్ల మోసుకెళ్ళి ఇద్దరి నడుములు విరగ్గొట్టాడని ఆయనకి అప్పుడే తెలిసింది. గోనెల అంచు సర్దుతూ నిలబడ్డాడు.

ఆడపడుచు లేచి మెట్టు దగ్గరికొచ్చింది. "వదినా, ఒకటడుగుతాను. కాదంటే కాదను, నేనేమీ అనుకోను. ఇది నాకిస్తావా?"

"తీ..." అన్నాడు అన్నగారు. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. భార్య వంక చూసి మూసేశాడు.

టైలరమ్మకి కాదనాలనే ఉంది. ఆ బుడగలు పోయేదాకా కొట్టింది తను. ఆ ఎర్రరంగు బయటపడేదాకా రుద్దింది తను. కాదంటే కాదన్నట్టే, ఈ అమ్మాయి నిజంగానే ఏమీ అనుకోదు. ఆమె లేచింది. బల్ల చుట్టూ తిరిగింది. పాతగుడ్డ నూనెలో ముంచి చెక్క మీద రుద్దడం మొదలుపెట్టింది. మేస్త్రి బీడీ వెలిగించుకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు. చెక్క ఈ చివర్నుంచి ఆ చివరిదాకా నూనె తాగి మెరిసేవరకూ రుద్ది, గుడ్డ పక్కన పెట్టింది.

"ఇస్తాను" అంది. "ఇది నేనిస్తున్నాను. మీ అన్నయ్య కాదు."

"తెలుసు వదినా."

"టీవీ పెట్టనిస్తే ఊరుకోను."

"కూచుని కాపలా కాస్తాను" అంది ఆడపడుచు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతోంది.

టైలరమ్మ అత్తగారి వైపు తిరిగింది. "అత్తయ్యా, పట్టె మీది. మిమ్మల్నడగకుండా ఇచ్చేశాను."

"నా కూతురికేగా" అంది అత్తగారు. "రెండోది కూడా అడుగుతావని తెలుసు. పొద్దున దాకా ఆగను, ఇప్పుడే తెచ్చుకో."

నలుగురూ మూలుగుతూ బల్లని వ్యాను ఎక్కించారు. భర్త అందరికన్నా ఎక్కువ మూలిగాడు. చెల్లెల్ని దింపి తిరిగొచ్చేసరికి వసారాలో సన్‌మైకా తలుపు కడిగి ఆరబెట్టి ఉంది. భార్య పక్కచెక్కల మేకులు సుత్తితో వంకర తీస్తోంది.

"మళ్ళీ పోస్తావా?"

"పోస్తాను."

"నేనేం చెయ్యను?"

"ఇసుక జల్లించండి."

వార్నీషు రెండుసార్లూ ఆరాక, మళ్ళీ పోసేరోజు వచ్చింది. ఆయన పెరట్లో ఇసుక జల్లించి, గమేళా నిండా ఎత్తి భుజాన పెట్టుకుని వసారా దాకా వచ్చాడు. ఇసుక తడిగా ఉంది, బరువుగా ఉంది, మెడ మీదుగా నీళ్ళు కారుతున్నాయి. టైలరమ్మ అచ్చు ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంది. నోట్లో మేకులు. చెక్క అంటించింది, ఒంపు బిగిస్తోంది. ఆయన గడప దాటబోయి ఆగాడు. తన ఇంటి గడప, రోజుకి పాతికసార్లు దాటేది. కాలు వెనక్కి తీసుకున్నాడు.

"రావచ్చా?"

ఆమె తలెత్తి చూసింది. నోట్లో మేకులుండడం వల్ల జవాబు చెప్పలేకపోయింది. ఆయన గమేళా ఇటు భుజం మీంచి అటు భుజం మీదికి మార్చుకున్నాడు. ఆమె ఒక మేకు తీసి కొట్టింది. రెండోది తీసి కొట్టింది. ఒంపు దగ్గర నిలబడి కుడిచెయ్యి చాపి, చెక్క ఆ వైపే ఉందని చూసుకుంది. ఆయన అక్కడే ఉన్నాడు. మిగిలిన మేకులు దోసిట్లో ఉమ్మి, చీరకి తుడిచి, డబ్బాలో వేసి మూతపెట్టింది.

"రండి" అంది.